అద్దెలే ఈఎంఐ కట్టేస్తాయా?

ప్రశ్న: బోడుప్పల్‌లో 120 గజాల్లో ఒక ఇల్లు చూశాం. కింద ఒక పోర్షన్, పైన ఒక పోర్షన్. 95 లక్షలు చెబుతున్నారు. కింద 14 వేలు, పైన 12 వేలు అద్దె వస్తోందట. నా జీతం చేతికి 90 వేలు, దాచుకున్నది 30 లక్షలు. మిగతా 65 లక్షలు లోన్ తీసుకుంటే ఈఎంఐ చాలావరకు అద్దెలతోనే వెళ్లిపోతుందని మా బావ అంటున్నాడు. మేం ప్రస్తుతం 16 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఈ ధరకైతే వద్దంటాను. మీ బావగారు ఈఎంఐ దగ్గర మొదలుపెట్టారు గానీ మీకు చిక్కు అంతకంటే ముందే, రిజిస్ట్రేషన్ రోజునే వస్తుంది. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 95 లక్షలకు ఏడు లక్షల పైమాటే, దీనికి మామూలుగా హోమ్ లోన్‌లో డబ్బు రాదు. మీ 30 లక్షలూ ఇంటికే పోతే ఈ ఏడు ఎక్కడివి? ఇంట్లో ఆడవాళ్ల నగలు బ్యాంకుకు వెళ్లేది సరిగ్గా ఇక్కడే.

ఇక అద్దె. 26 వేల చొప్పున ఏడాదికి 3.12 లక్షలు కాగితం మీద బాగానే కనిపిస్తాయి. కానీ ఒకళ్లు ఖాళీ చేశాక రంగులేయించి, టులెట్ బోర్డు పెట్టి, కొత్తవాళ్లు దిగేసరికి నెల ఇట్టే గడిచిపోతుంది. ఒక్కో పోర్షన్‌కు ఏడాదిలో ఒక నెల తీసేయండి, 26 వేలు పోయాయి. ఇంటి పన్ను, మోటారు రిపేరు, బాత్రూమ్ లీకేజీలకు ఇంకో 36 వేలు పక్కన పెట్టండి. మిగిలేది రెండున్నర లక్షలు, నెలకు 21 వేలు కూడా లేదు. 65 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 56,400. అంటే నెలనెలా ముప్పై అయిదు వేల పైచిలుకు మీ జీతంలోంచే, అదీ మీరు కట్టే 16 వేల అద్దె కాకుండా! ఇంకోలా చెప్పాలంటే ఆ ఇంటి అద్దె మోయగలిగింది 24 లక్షల లోన్, అంతే.

కింద పోర్షన్‌లో మేమే దిగితే అంటారేమో. మీ 16 వేలు మిగులుతాయి, వచ్చే 14 వేలు పోతాయి, తేడా రెండు వేలు. ఓనరు సణుగుడు తప్పుతుందనుకోండి, దానికి విలువ మీరే కట్టుకోవాలి.

రేటు పెరుగుతుంది కదా అని అందరూ అంటారు. పెరిగేది స్థలం, గోడలు పాతబడతాయి. పక్క వీధిలో ఖాళీ స్థలం గజం ఎంతకు అమ్ముడైందో కనుక్కుని, 120తో హెచ్చవేసి 95 లక్షల్లోంచి తీసేయండి, ఆ పాత కట్టడానికి మీరు ఎంత ఇస్తున్నారో తేలుతుంది. బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి. పై అంతస్తుకు అనుమతి ఉందో లేదో ప్లాన్ కాగితంలో చూడండి, లేకపోతే లోన్ దగ్గరే ఆగిపోవచ్చు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో ఒక శాతం వాళ్ల పన్ను కింద (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది కూడా మీరే.

ఇవన్నీ చూశాక కూడా మనసు అటే లాగుతుంటే, బ్రోకర్ లేకుండా ఒక ఆదివారం వెళ్లి పై పోర్షన్ వాళ్లతో మాట్లాడండి. నిజంగా ఎంత కడుతున్నారో, మేలో బోరు ఎలా ఉంటుందో, ముఖ్యంగా మోటారు ఎవరి మీటరు మీద తిరుగుతోందో అడగండి. మా అక్కావాళ్ల ఇంట్లో అది కింది మీటరు మీద ఉండేది, పైవాళ్లు బట్టలు నానబెట్టిన రోజే కిందివాళ్లు స్విచ్ కట్టేసి ఊరెళ్లేవాళ్లు, ఫోన్ మాత్రం మా బావకి వచ్చేది.