కంప్రెసర్ వాల్వ్‌ను స్విచ్‌లా లెక్కిస్తే ఎక్కడ తేడా వస్తుంది?

మీరు అడిగింది ఇది: ఎంటెక్ ప్రాజెక్టులో పిస్టన్ కంప్రెసర్ మోడల్ రాశారు. సిలిండర్‌లో పీడనం డిశ్చార్జి లైన్ (నొక్కిన గ్యాస్ బయటికెళ్లే గొట్టం) పీడనాన్ని దాటగానే వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నట్టు, తగ్గగానే మూసుకున్నట్టు పెట్టారు. కానీ కొలిచిన సిలిండర్ పీడనం గ్రాఫులో డిశ్చార్జి మొదలయ్యే చోట ముక్కులా ఒక ఎత్తు ఉంది, మీ లెక్కలో అది రావడం లేదు. స్ప్రింగు, బరువు పెట్టి మళ్లీ రాయాలా అని.

రాయాలి. మా నాయనకు అనంతపురంలో రిఫ్రిజిరేషన్ రిపేరు షాపు. నేను వాల్వ్ లెక్కలు నేర్చుకున్నది క్లాసులో కంటే అక్కడే ఎక్కువ. చీనీకాయలు పెట్టే ఒక కోల్డ్ రూమ్‌లో ఆర్134ఏ గ్యాస్‌తో నడిచే సెమీ హెర్మెటిక్ (మోటారు లోపలే ఉండి, బోల్టులు విప్పి రిపేరు చేయగలిగే) కంప్రెసర్ ఉండేది. మే నెలలో దాని డిశ్చార్జి రీడ్, అంటే వాల్వ్‌గా పనిచేసే పల్చని రేకు, విరిగింది. ఒరిజినల్ దొరక్క, 0.3 మిల్లీమీటర్ల రేకు స్థానంలో 0.4 ది కోయించి వేశారు. మళ్లీ విరగలేదు కానీ ఆంపియర్లు పెరిగాయి, హెడ్ చెయ్యి పెట్టలేనంత కాలేది, రూమ్ చల్లబడటం ఆలస్యమైంది. "రేకు గట్టిగుంటే సాలదబ్బీ, టయానికి తెరుచుకోవల్ల, టయానికి మూసుకోవల్ల" అనేవాడు నాయన. ఆ 'టయిం' ఎంతో లెక్కేద్దామని కూర్చున్నాను.

ఆవిరయ్యే ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీలైతే సక్షన్ (గ్యాస్‌ను పీల్చుకునే వైపు) పీడనం సుమారు 2 బార్లు. కండెన్సింగ్ (గ్యాస్ ద్రవంగా మారే) ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర డిశ్చార్జి పీడనం సుమారు 10.2 బార్లు, మా ఎండలకు అది 55కి చేరితే 14.9. క్లియరెన్స్ (పిస్టన్ పైకొనలో ఉన్నప్పుడు మిగిలే ఖాళీ) 4 శాతం, గ్యాస్ నొక్కుడు లెక్కలో ఘాతాంకం 1.1, కనెక్టింగ్ రాడ్ పొడవు క్రాంక్ వ్యాసార్థానికి 4 రెట్లు అని తీసుకుంటే, మొదటి సందర్భంలో పిస్టన్ పైకొనకు చేరడానికి 48 డిగ్రీల ముందు డిశ్చార్జి మొదలవుతుంది, రెండోదాంట్లో 38 డిగ్రీల ముందు. 1450 ఆర్‌పీఎం దగ్గర ఒక డిగ్రీకి పట్టేది 0.115 మిల్లీసెకన్లు. అంటే రీడ్‌కు దొరికే సమయం 5.5 మిల్లీసెకన్ల నుంచి 4.4కి పడిపోయింది. అంతలో లేవాలి, గ్యాస్‌ను వదలాలి, మళ్లీ సీటు మీద కూర్చోవాలి. ఇంత తక్కువ వ్యవధిలో రేకు జడత్వాన్ని వదిలేస్తే లెక్క నిలబడదు.

సమీకరణం మీకు తెలిసిందే: ద్రవ్యరాశి × త్వరణం + డ్యాంపింగ్ + స్ప్రింగు బలం = పీడన తేడా × ప్రభావ వైశాల్యం (రేకు మీద ఆ పీడనం నిజంగా పనిచేసే వైశాల్యం). 1950లో కోస్టగ్లియోలా అనే పరిశోధకుడు కంప్రెసర్ స్ప్రింగ్ వాల్వ్‌ల మీద రాసిన పేపర్ నుంచీ ఈ దారి నడుస్తోంది. చిక్కు సమీకరణంలో లేదు, అందులో వేసే అంకెల్లో ఉంది.

నేను మొదట రీడ్ మొత్తం బరువునే ద్రవ్యరాశిగా వేశాను. తప్పు. ఒక చివర బిగించిన సమాన వెడల్పు పట్టీకి, కొన దగ్గర లెక్కకొచ్చేది మొత్తం బరువులో దాదాపు నాలుగోవంతే. ఇక స్ప్రింగు గట్టిదనాన్ని వేరొకరి పేపర్ నుంచి తెచ్చుకోకండి, మీ రీడ్‌నే కొలవండి. డయల్ గేజ్ పెడితే దాని ముల్లే రేకును నొక్కేసి రీడింగు చెడగొట్టింది. అందుకని రీడ్‌ను వైస్‌లో బిగించి, కొన మీద 10, 20, 50 గ్రాముల తూకం రాళ్లు ఒక్కొక్కటే పెట్టి, హైట్ గేజ్ మొనను మెల్లగా దించాను. మల్టీమీటర్ ఒక వైరు గేజ్‌కు, ఇంకోటి రీడ్‌కు. బీప్ అన్న క్షణంలో రీడింగు. అరగంట పని, ఆ తర్వాత ఆ అంకె గురించి టెన్షన్ ఉండదు. రీడ్ వంపు స్టాపర్‌ను (రేకు మరీ పైకి లేవకుండా ఆపే ముక్క) ఆనుకుంటూ లేచే రకమైతే గట్టిదనం లేచిన ఎత్తుతో పాటు పెరుగుతుంది, ఒకే అంకె చాలదు.

గట్టిదనం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 0.3 నుంచి 0.4కి వెళ్తే దాదాపు 2.4 రెట్లు. ఆ అంకె వేసి నడిపితే రీడ్ స్టాపర్‌ను ఒక్కసారి కూడా తాకలేదు. మధ్యలోనే ఊగుతూ రెండుసార్లు లేచి పడింది. దారి ఇరుకైంది, సిలిండర్ పీడనం అనవసరంగా పైకెక్కింది. పెరిగిన ఆంపియర్లకు జవాబు స్క్రీన్ మీద కనిపించిన రోజు నాయనను పిలిచి చూపించాను. మర్నాడే ఒరిజినల్ రీడ్ కోసం బెంగళూరుకు ఫోన్ చేశాడు.

స్టెప్ సైజు, అంటే ఒక్కో లెక్కకు క్రాంక్ ఎంత కోణం తిరిగిందనుకుంటామో అది, మాత్రం చిన్నది పెట్టండి. నేను ఒక డిగ్రీతో మొదలుపెడితే పైకొన దగ్గర పీడనం రంపపు పళ్లలా వచ్చింది. అక్కడ మిగిలే గ్యాస్ చాలా తక్కువ, వాల్వ్ కొంచెం తెరిచినా పీడనం గబుక్కున మారిపోతుంది. 0.1 డిగ్రీకి దించాక సర్దుకుంది. గ్యాస్ వెనక్కి వచ్చే దిశను కూడా అనుమతించండి. డిశ్చార్జి రీడ్ ఆలస్యంగా మూసుకుంటే బయటి గ్యాస్ సిలిండర్‌లోకి తిరిగొస్తుంది, పంపింగ్ తగ్గేది అక్కడే. స్విచ్ మోడల్‌లో ఈ నష్టం ఎప్పటికీ కనబడదు.

ఇక మీ ముక్కు. దానికి కారణాలు రెండు: రేకు జడత్వం, సీటుకూ రేకుకూ మధ్య నూనె పొర పట్టి ఉంచడం. నూనెను మొదట కలపొద్దు. కలిపితే ఆ ఒక్క అంకెను అటూ ఇటూ జరిపి ఏ గ్రాఫుకైనా అతికించేయవచ్చు. కొలిచిన గట్టిదనం, సరైన ద్రవ్యరాశి వేసి నడపండి. ప్రభావ వైశాల్యం కూడా సరిచూసుకున్నాక ముక్కు ఇంకా ఎంత ఎత్తు తక్కువ పడుతోందో చూడండి, ఆ తేడాను నూనె ఖాతాలో వేయండి. రీడ్ మందం, స్టాపర్ ఎత్తు ఇక్కడ రాస్తే నా ప్రోగ్రాంలో కూడా వేసి చూస్తాను.