కొత్త అఫెన్స్ వచ్చినా పాయింట్లు ఎందుకు రావడం లేదు?

మీ అబ్బాయి చదివే కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటర్ (పాయింట్లు చేసే అఫెన్స్ వైపు ఆటను నడిపే కోచ్) వచ్చారని, పాత సహాయక కోచ్‌లంతా అలాగే ఉన్నారని, పాయింట్లు మాత్రం పోయినేడాది కంటే తగ్గిపోయాయని రాశారు. తప్పు కొత్త పద్ధతిదేనా అని అడిగారు. 2008లో నేను అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదివేవాడిని. అచ్చం ఇలాంటి సీజన్‌నే విద్యార్థుల గ్యాలరీలో నిలబడి చూశాను. అందుకే అంటున్నాను, పద్ధతిని తప్పుపట్టే ముందు దాన్ని ఆటగాళ్లకు రోజూ నేర్పుతున్నది ఎవరో చూడండి.

2007 డిసెంబరులో ఆబర్న్ హెడ్ కోచ్ టామీ ట్యూబర్‌విల్ ట్రాయ్ విశ్వవిద్యాలయం నుంచి టోనీ ఫ్రాంక్లిన్‌ను కోఆర్డినేటర్‌గా తెచ్చారు. ఫ్రాంక్లిన్‌ది స్ప్రెడ్ పద్ధతి. పాస్‌లు అందుకునే రిసీవర్లు మైదానం వెడల్పంతా పరుచుకుంటారు, మధ్యలో గుమిగూడి మాట్లాడుకోవడం (హడల్) ఉండదు, ఒక ఆట ముగిసిన వెంటనే మరొకటి మొదలవుతుంది. అప్పటిదాకా ఆబర్న్‌ది పరుగును నమ్ముకున్న ఆట. ఇంత పెద్ద మార్పుకు ఫ్రాంక్లిన్ ఒక్కరే వచ్చారు. లైనును (బంతి దగ్గర వరుసగా నిలబడి ఎదుటివారిని అడ్డుకునేవారిని), రిసీవర్లను, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌లను చూసుకునేవారు మాత్రం ఏళ్ల తరబడి ట్యూబర్‌విల్ వెంట ఉన్న కోచ్‌లే. కొద్దిపాటి సాధనతోనే డిసెంబరు 31న అట్లాంటాలో క్లెమ్సన్‌ను ఓవర్‌టైమ్‌లో 23-20తో ఓడించారు. ఆ గెలుపు చూసి ఇక దారిన పడ్డట్టేనని ఊరంతా అనుకుంది.

నాకు ఆట నేర్పింది ల్యాబ్‌లోని స్థానిక మిత్రుడు. హైస్కూల్లో లైన్‌మన్‌గా ఆడినవాడు. బంతి వెంట పరుగెత్తకు, లైను వైపు చూడు అనేవాడు. ఒకసారి ల్యాబ్ బయట పచ్చికలో నాకు రెండు రకాల నిలబడే తీరులూ చేసి చూపించాడు. పరుగు ఆటకు చేయి నేలకానించి, బరువంతా ముందుకు మోపి, బంతి కదలగానే ఎదుటివాడి ఛాతీలోకి దూసుకుపోవాలి. పాస్ ఆటకు దాదాపు నిటారుగా నిలబడి, బరువు వెనక్కి ఉంచుకుని, పాదాలు వెనక్కి జరుపుతూ ఎదుటివాడిని తన దగ్గరికి రానివ్వాలి. మొదటి అడుగు ముందుకా వెనక్కా అన్నది ఆలోచించుకునే వ్యవధి ఉండదు, అది నెలల సాధనతో కాలికి అలవాటు కావాలి. ఆ అలవాటు చేయించేది లైను కోచ్, కోఆర్డినేటర్ కాదు. పుస్తకంలో ఏ ఆట రాసి ఉన్నా, రోజూ దగ్గరుండి దిద్దే మనిషికి దాని మీద నమ్మకం లేకపోతే కుర్రవాడి కాలికి ఆ సంగతి తెలిసిపోతుంది. బంతి కదిలాక మా లైనులో అరక్షణం తటపటాయింపు కనిపించేది. వేగం కోసమే తెచ్చిన పద్ధతిలో బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ కోచ్‌ల సైగ కోసం పక్కకు చూస్తూ నిలబడితే, గడియారం కరిగిపోతుంటే, గ్యాలరీలో మాకు ఊపిరాడేది కాదు.

2008 సెప్టెంబరు 13న మిసిసిపీ స్టేట్ మీద 3-2తో గెలిచారు. అది బేస్‌బాల్ స్కోరు కాదు, ఫుట్‌బాల్ స్కోరే. ప్రత్యర్థికి వచ్చిన ఆ రెండు పాయింట్లు కూడా మైదానం కొసన ఉండే మన ఎండ్ జోన్‌లో మనవాళ్లే అవతలి ఆటగాడిని పట్టుకుని ఆపినందుకు సమర్పించుకున్నవి. తర్వాత ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం) చేతిలో 26-21తో ఓటమి, టెనెసీ మీద 14-12తో గెలుపు. గెలిస్తే టూమర్స్ కార్నర్‌లోని ఓక్ చెట్ల మీదికి టాయిలెట్ పేపర్ చుట్టలు విసరడం ఆబర్న్ ఆనవాయితీ. టెనెసీ ఆట రోజున కూడా విసిరారు కానీ అవి గెలిచినవాళ్ల ముఖాల్లా లేవు. అక్టోబరు 4న వాండర్‌బిల్ట్ మీద 13-0 ఆధిక్యంలో ఉండి 14-13తో ఓడిపోయారు. 8వ తేదీన, సీజన్ సగంలోనే, ఫ్రాంక్లిన్‌ను తొలగించారు.

మీరు గమనించవలసింది ఆ తర్వాత జరిగినది. ఫ్రాంక్లిన్ ఉన్న ఆరు ఆటల్లో ఆబర్న్ చేసినవి 112 పాయింట్లు. పాత కోచ్‌ల చేతికే అఫెన్స్ వెళ్లాక మిగిలిన ఆరు ఆటల్లో 96. చివరి ఆటలో అలబామా విశ్వవిద్యాలయం జట్టు 36-0తో చిత్తు చేసింది. 5 గెలుపులు, 7 ఓటములతో సీజన్ ముగిసింది, ట్యూబర్‌విల్ కూడా వెళ్లిపోయారు. రోగం ఫ్రాంక్లిన్ ఒక్కరిదే అయితే ఆయన పోగానే నయం కావాలి కదా!

2009లో కొత్త హెడ్ కోచ్ జీన్ చిజిక్, గస్ మాల్జాన్‌ను కోఆర్డినేటర్‌గా తెచ్చారు. ఆయనదీ హడల్ లేని వేగపు ఆటే. ఈసారి అఫెన్స్ వైపు కోచ్‌లందరూ కొత్తవారే. ఆటగాళ్లలో చాలామంది పాతవారు. 2008లో కోడీ బర్న్స్‌తో వంతులు పంచుకుని తడబడిన క్వార్టర్‌బ్యాక్ క్రిస్ టాడ్, 2009లో 22 టచ్‌డౌన్ పాస్‌లతో (బంతి ఎండ్ జోన్ చేరి పాయింట్లు తెచ్చినవి) ఆబర్న్ సీజన్ రికార్డు నెలకొల్పాడు. ఆటకు 17 పాయింట్ల చొప్పున చేసిన జట్టు 33 చేసింది. ముందటేడు టాడ్ భుజం బాగాలేదన్నది నిజమే, మాల్జాన్ పద్ధతిలో పరుగుకు చోటు ఎక్కువన్నదీ నిజమే. అయినా ఇంత తేడాకు అవి చాలవు. నా దృష్టిలో అసలు బాధ్యత హెడ్ కోచ్‌దే. ఇష్టంలేని సహాయకులను ఒప్పించనూ లేదు, మార్చనూ లేదు. కొత్త మనిషికి పదవి ఇచ్చారు, పెత్తనం ఇవ్వలేదు. ఆ మధ్య నలిగిపోయింది పందొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. ఇప్పటికీ నాకు బాధ కలిగించేది అదే.

మీ కాలేజీ సంగతికి వస్తే, లైను కోచ్ ఎప్పటినుంచి ఉన్నారో, ఇంతకుముందు ఏ రకం ఆట నేర్పారో కనుక్కోండి. ఆ వివరాలు జట్టు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. స్టేడియానికి వెళ్తే బంతి మీ జట్టు చేతిలో ఉండే మొదటి రెండు మూడు సిరీస్‌లలో బంతిని వదిలేసి లైనునే చూడండి. సీజన్ మధ్యలో కోఆర్డినేటర్‌ను పంపేస్తే మాత్రం పాయింట్లు పెరుగుతాయని ఆశ పెట్టుకోకండి. సీజన్ అయ్యాక ఆయనకు తన సొంత కోచ్‌లను తెచ్చుకోనిస్తారేమో చూసి, అప్పుడు ఆ పద్ధతి మంచిదో చెడ్డదో తేల్చుకోండి.