వెలాసిటీ పెంచమంటున్నారు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నమస్తే అండీ. నేను ఈమధ్యే ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో టెస్టర్‌గా చేరాను. మా టీమ్ స్ప్రింట్‌కి (ఒక్కో విడత పనికి పెట్టుకునే గడువు) 23 పాయింట్లు అటూఇటుగా చేస్తుంది, పక్క టీమ్ 40 చేస్తోందట, మీరూ అంత చెయ్యాలి అంటున్నారు మా మేనేజర్ గారు. అసలు ఒక స్టోరీ పాయింట్ అంటే ఎన్ని గంటలు? వెలాసిటీ పెరగాలంటే మేం ఏం చెయ్యాలి?

జవాబు: పాయింట్‌కి గంటల లెక్క లేదండీ. ఎవరైనా పాయింట్ అంటే 8 గంటలు అని ఖాయం చేసేశారంటే ఇంక పాయింట్లు దేనికి, నేరుగా గంటలే రాసుకోవచ్చు కదా. ఒక పనిని (దాన్నే స్టోరీ అంటారు) ఇంకో పనితో పోల్చి చెప్పే సైజు అది, అంతే. పాస్‌వర్డ్ రీసెట్ చేసుకునే స్క్రీన్‌ని మీ టీమ్ 3 అనుకుందనుకోండి, తర్వాత వచ్చే పని దానికంటే పెద్దదా చిన్నదా, అందులో మనకి తెలియనివి ఎన్ని ఉన్నాయి అని చూసి 2 అనో 5 అనో అంటారు. 1, 2, 3, 5, 8, 13 అని అంకెల మధ్య దూరం పెరుగుతూ పోయేది కూడా అందుకే, పని పెద్దదయ్యేకొద్దీ అంచనాలో కచ్చితత్వం తగ్గిపోతుంది, 11కీ 12కీ తేడా ఎవరు చెప్పగలరు?

ప్లానింగ్ పోకర్‌లో, అంటే కార్డులతో పాయింట్లు అంచనా వేసేటప్పుడు, అందరూ ఒకేసారి కార్డులు చూపించేది సీనియర్ అంకె విని మిగతావాళ్ళు అదే అనెయ్యకుండా. మీరు టెస్టర్ కదా, డెవలపర్లంతా 3 వేసినప్పుడు మీకు 8 అనిపిస్తే 8 వెయ్యండి, వెనక్కి తగ్గకండి. రీసెట్ మెయిల్ రాకపోతే ఏంటి, గడువు అయిపోయాక లింక్ నొక్కితే ఏంటి, ఒకే లింక్ రెండుసార్లు వాడితే ఏంటి అని మీరు అడుగుతుంటే అసలు పని అప్పుడు బయటపడుతుంది. అంకె ఏది ఖాయమైనా పర్లేదు, ఆ మాటలు జరగడం ముఖ్యం.

ఇంక వెలాసిటీ అంటే స్ప్రింట్‌లో పూర్తిగా అయిపోయిన పనుల పాయింట్ల మొత్తం. గత మూడు స్ప్రింట్లలో 21, 26, 22 వచ్చాయంటే సగటు 23. బ్యాక్‌లాగ్‌లో, అంటే చెయ్యాల్సిన పనుల జాబితాలో, ఇంకా 115 పాయింట్ల పని ఉంటే సుమారు 5 స్ప్రింట్లు పడుతుందని చెప్పొచ్చు. దాని ఉపయోగం అంతవరకే. పక్క టీమ్ 5 అనేది మీ దగ్గర 3 అయ్యుండొచ్చు, ఎవరి కొలత వాళ్ళది, అలాంటప్పుడు 23ని 40 పక్కన పెట్టి చూడటంలో అర్థమే లేదు.

పైగా దానికి టార్గెట్ పెడితే ఏమవుతుందో చూడండి. ఎవరూ కావాలని మోసం చెయ్యక్కర్లేదు, 3 నా 5 నా అని అనుమానం వచ్చిన ప్రతిసారీ చెయ్యి 5 మీదకే పోతుంది, నాలుగు నెలలు తిరిగేసరికి 23 కాస్తా 35 అవుతుంది, యూజర్ చేతికి వెళ్ళే పని మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది, ఆ 5 స్ప్రింట్ల అంచనా కూడా పనికిరాకుండా పోతుంది. మీ మేనేజర్ గారికి ఒకటి చూపించండి. ఇలా స్ప్రింట్లతో పనిచేసే పద్ధతిని స్క్రమ్ అంటారు, దాని నియమాలు రాసిన 2020 స్క్రమ్ గైడ్‌లో స్టోరీ పాయింట్ అనే మాటే లేదు. అది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే ఇంకో పద్ధతి వైపు నుంచి వచ్చింది, 2001లో ఇలాంటి పద్ధతుల ఉమ్మడి ప్రకటన ఎజైల్ మ్యానిఫెస్టో రాసిన 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, స్టోరీ పాయింట్లని కనిపెట్టింది నేనేనేమో, అదే నిజమైతే ఇప్పుడు బాధపడుతున్నాను అనే అర్థంలో రాశారు కూడా. ఆ మ్యానిఫెస్టో సూత్రాల్లో ప్రగతికి ప్రధాన కొలతగా పెట్టింది పనిచేసే సాఫ్ట్‌వేర్‌ని. కాబట్టి స్ప్రింట్ చివర జరిగే రివ్యూలో మీ మేనేజర్ గారికి అంకె బదులు నడిచే స్క్రీన్ చూపించండి.

ప్రశ్న: స్ప్రింట్ చివరి రోజుకి 8 పాయింట్ల స్టోరీ 90 శాతం అయిపోయింది. ఓ 7 పాయింట్లు వేసుకోవచ్చా?

జవాబు: వద్దండీ, సున్నా. కోడ్ రివ్యూ అవ్వాలి, టెస్టులు పాసవ్వాలి, టెస్ట్ సర్వర్‌లో నడవాలి అని టీమ్ ముందే రాసిపెట్టుకున్నది డెఫినిషన్ ఆఫ్ డన్. అందులో ఒక్కటి మిగిలినా అది అయినట్టు కాదు, తిరిగి ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లోకి పోతుంది, వచ్చే స్ప్రింట్‌లో తీసుకోవాలా వద్దా అనేది మళ్ళీ ప్లానింగ్‌లో తేల్చుకోవాలి. కఠినంగా అనిపిస్తుంది, నిజమే, కానీ మిగిలిన ఆ 10 శాతంలోనే చాలాసార్లు అసలు చిక్కులుంటాయి. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే రెట్రోస్పెక్టివ్‌లో, అంటే స్ప్రింట్ ఎలా జరిగిందో చూసుకునే మీటింగ్‌లో, మాట్లాడండి, స్టోరీని చిన్న ముక్కలు చెయ్యండి.

ప్రశ్న: మా డైలీ స్టాండప్ (రోజూ జరిగే టీమ్ మీటింగ్) 45 నిమిషాలు సాగుతోంది, ఒక్కొక్కరూ లీడ్‌కి రిపోర్ట్ చెప్తారు.

జవాబు: దానికి 15 నిమిషాలే. అది డెవలపర్లు స్ప్రింట్ గోల్ ఎంతవరకు వచ్చిందో చూసుకుని ఇవాళ్టి ప్లాన్ మార్చుకోడానికి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేస్తారు, అడ్డం ఏంటి అనే మూడు ప్రశ్నలు 2020 గైడ్‌లో తీసేశారు, మీరూ మానేసి పనుల కార్డులు పెట్టే బోర్డు ముందు నిలబడి కుడివైపు నుంచి, అంటే అయిపోవడానికి దగ్గర్లో ఉన్న కార్డు నుంచి మొదలుపెట్టి చూడండి. పొడుగు చర్చలు సంబంధం ఉన్నవాళ్ళే తర్వాత ఉండి మాట్లాడుకుంటారు.

ప్రశ్న: మాది సపోర్ట్ టీమ్. స్ప్రింట్ ప్లాన్ చేసిన మర్నాడే అర్జంట్ టికెట్లు వచ్చి అంతా తారుమారు అవుతుంది. మేం స్క్రమ్ సరిగ్గా చెయ్యట్లేదా?

జవాబు: మీ పనికి కాన్‌బాన్ నప్పుతుందండీ. ఇందులో స్ప్రింట్ ఉండాల్సిన పనిలేదు, చేతిలో ఒకేసారి ఎన్ని టికెట్లు ఉండొచ్చో పరిమితి పెట్టుకుంటారు, విప్ లిమిట్ అంటారు, ఒకటి అయిపోతేనే ఇంకోటి లాక్కుంటారు. లెక్క చూడండి, 12 టికెట్లు ఒకేసారి తెరిచి రోజుకి 2 ముగిస్తుంటే సగటున ఒక్కోటి 6 రోజులు పడుతుంది, అదే వేగంతో చేతిలో 6 మాత్రమే ఉంచుకుంటే 3 రోజులు. బయట క్యూలో ఉన్నవి ఆగుతాయి కదా అంటారేమో, ఆగుతాయి, కానీ అవి మొదలవ్వలేదు కాబట్టి కొత్తగా అర్జంట్‌ది వస్తే ఏ పనీ మధ్యలో వదలకుండా దాన్ని క్యూలో ముందుకి జరపొచ్చు. నిజంగా ఆగలేని వాటికి బోర్డు పైన విడిగా ఒక వరుస పెట్టి అందులో ఒకసారికి ఒక్క టికెట్టే అని రూల్ పెట్టుకోండి, లేకపోతే వారంలోపు అన్నీ అర్జంటే అయిపోతాయి.