జనవరి జీతంతో కట్టగలిగే ఇల్లు చూడండి

ప్రశ్న: టెనెసీ రాష్ట్రంలోని సెవియర్ కౌంటీలో మూడేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. ఇద్దరికీ గ్రీన్ కార్డు ఉంది. మావారు పిజన్ ఫోర్జ్‌లో ఒక హోటల్లో అసిస్టెంట్ మేనేజరు. నేను ఇంటి నుంచే నాక్స్‌విల్ కంపెనీకి పనిచేస్తాను. నా చేతికి నెలకు 4,000 డాలర్లు వస్తాయి. ఆయనకు అక్టోబరులో 3,800 దాకా, జనవరిలో 2,100 వస్తాయి. పొదుపు 60,000 డాలర్లు ఉంది. మేలో లీజు ముగియగానే ఈ ఇంటిని పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇస్తానని యజమాని అంటున్నారు. కొండ మీద ఒక క్యాబిన్ (చెక్క విడిది ఇల్లు) 4,20,000 డాలర్లకు అమ్మకానికి ఉంది. మేం ఉంటూనే మధ్యమధ్య అద్దెకిస్తే వాయిదాలు వాటంతట అవే తీరిపోతాయనీ, సొంత నివాసమని చెబితే వడ్డీ కూడా తగ్గుతుందనీ ఏజెంటు చెబుతున్నారు. కొనమంటారా?

జవాబు: ఇల్లు కొనుక్కోండి, ఆ క్యాబిన్ మాత్రం వద్దు.

ముందు మీ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. మీ పక్కనే ఉన్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ జాతీయ పార్కుకు ఏడాదికి కోటికి పైగా సందర్శనలు ఉంటాయి. అమెరికా జాతీయ పార్కుల్లో మరే పార్కుకూ అంత తాకిడి లేదు. మీవారి జీతం ఆ జనం మీదే ఆధారపడి ఉంది. ఈ క్యాబిన్ కొంటే వాయిదా కట్టే అద్దె, రేపు అమ్మితే వచ్చే ధర కూడా వాళ్ల మీదే ఆధారపడతాయి. 2013 అక్టోబరులో నిధులకు ఆమోదం దొరక్క ఫెడరల్ ప్రభుత్వం స్తంభించినప్పుడు, ఆకులు రంగులు మారే అసలైన సీజన్‌లో పార్కు మూతపడింది. టెనెసీ రాష్ట్రం, సెవియర్ కౌంటీ తమ ఖజానా నుంచి డబ్బు చెల్లించి మరీ దాన్ని తెరిపించుకున్నాయి. ఆ కౌంటీకి పార్కు అంత ప్రాణం. 2020 వసంతంలో కరోనా వల్ల పార్కు మళ్లీ మూతపడింది. అలాంటి నెలలో మీవారి పని గంటలు తగ్గుతాయి, మీ క్యాబిన్ బుకింగులూ రద్దవుతాయి. మీ ఇంట్లో పర్యాటకులతో సంబంధం లేని ఆదాయం మీ జీతం ఒక్కటే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. పది శాతం ముందు కట్టి, మిగతా 3,78,000 డాలర్లకు 6.75 శాతం వడ్డీతో ముప్పై ఏళ్ల అప్పు తీసుకుంటే అసలు, వడ్డీ కలిపి నెలకు సుమారు 2,450 డాలర్లు. ఆస్తి పన్ను, బీమాలు కలిపితే 3,000 దగ్గరకు చేరుతుంది. జనవరిలో మీ ఇద్దరి చేతికి వచ్చేది 6,100. అందులో సగం ఇంటికే పోతుంది. అప్పిచ్చేవాళ్లు ఏడాది సగటు ఆదాయం చూస్తారు, వాయిదా మాత్రం జనవరిలో కూడా కట్టాలి. పిజన్ ఫోర్జ్‌లోని డాలీవుడ్ వినోద పార్కు మూసి ఉండే ఆ చలి వారాల్లోనే అద్దెలూ పడిపోతాయి.

అద్దె ఆదాయమని ఏజెంటు చూపించే అంకె కూడా మీ చేతికి వచ్చేది కాదు. క్యాబిన్లను చూసుకునే సంస్థలు సాధారణంగా అద్దెలో పావు వంతో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటాయి. మామూలు ఇంటి బీమా రోజువారీ అతిథులకు వర్తించదు, దానికి వేరే పాలసీ కావాలి. ప్రకటనలో ‘12 మందికి వసతి’ అని రాసి ఉంటే కౌంటీ కార్యాలయానికి వెళ్లి సెప్టిక్ ట్యాంకు అనుమతి పత్రం అడగండి. అందులో రెండు పడకగదులకే అనుమతి ఉంటే మిగతా పరుపులన్నీ అలంకారమే. అద్దె అంచనా మాత్రం ఆ పన్నెండు మంది లెక్కతోనే వేసి ఉంటారు.

ఇక ‘సొంత నివాసం’ సలహా. అలాంటి అప్పు పత్రంలో మీరు అరవై రోజుల్లోగా ఆ ఇంట్లో చేరి, కనీసం ఏడాది ఉంటామని సంతకం పెడతారు. అద్దె వ్యాపారం మనసులో పెట్టుకుని ఆ సంతకం చేస్తే అది ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు దాని దరిదాపులకు కూడా వెళ్లకూడదు. ఆ సలహా ఇచ్చిన ఏజెంటును మార్చండి.

మీరు వెతకాల్సింది రోజువారీ అద్దెలను నిషేధించిన కాలనీల్లో. కొనేవాళ్లు చాలామంది ఆ నిబంధన చూసి వెనక్కి తగ్గుతారు. మీకు మాత్రం అదే మేలు, ఎందుకంటే అతిథుల అద్దె లెక్కగట్టి ధర పెంచే పెట్టుబడిదారులతో మీరు పోటీ పడక్కర్లేదు. పక్కింట్లో వారానికో కొత్త బృందం దిగదు. నాక్స్‌విల్ వైపున్న సీమోర్, హైవే దగ్గరున్న కొడాక్ పరిసరాల్లో మొదలుపెట్టండి. రేపు మీవారు ఉద్యోగం మారాలన్నా నాక్స్‌విల్ దగ్గరవుతుంది.

3,00,000 డాలర్ల ఇంటికి 45,000 ముందు కడితే, అదే వడ్డీకి నెల వాయిదా సుమారు 1,650. పన్ను, బీమాలు కలిపినా 2,000కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే జనవరి ఆదాయంలో మూడో వంతు. అయితే చేతిలో 15,000 మాత్రమే మిగులుతుంది, అందులోంచే ముగింపు ఖర్చులూ (కొనుగోలు పూర్తయ్యేటప్పుడు కట్టే రుసుములు) పోతాయి. కాబట్టి యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) గ్రామీణ గృహ రుణం కూడా చూడండి. ముందస్తు చెల్లింపు అక్కర్లేదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లూ అర్హులే. ఇల్లు వాళ్ల మ్యాపులో అర్హత ఉన్న చోట ఉండాలి, కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 115 శాతం దాటకూడదు. హామీ రుసుము ఒక శాతం ముందుగా, ఏటా 0.35 శాతం ఉంటుంది. అప్పు పెరుగుతుంది కనుక వాయిదా కూడా పెరుగుతుంది. ఈ దారిలో వెళితే ఇంటి ధర 2,70,000 దాటకుండా చూసుకోండి. పొదుపులో 30,000 అయినా ముట్టుకోకుండా ఉంచండి. పని గంటలు తగ్గే చలికాలానికి అది అవసరం.

నచ్చిన ఇంటిని అక్టోబరు శనివారం మధ్యాహ్నం ఒకసారి చూడటం మంచిది. పర్యాటకులతో నిండే ప్రధాన రోడ్డు పార్క్‌వే మీద కూరగాయలకు వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజే తెలుస్తుంది. బావి నీళ్లు పరీక్ష చేయించండి. ఇంటిదాకా వచ్చే రోడ్డు ప్రైవేటుదైతే మరమ్మతు ఖర్చు ఎవరిదో రాతపూర్వక ఒప్పందం ఉందా అని అడగండి. అడవి అంచున ఉన్న ఇల్లయితే, ధర మాట్లాడకముందే బీమా ఎంత అవుతుందో తెలుసుకోండి. 2016 నవంబరులో మీ కౌంటీలోని గాట్లిన్‌బర్గ్ అడవి మంటల్లో 14 మంది చనిపోయారు, 2,400కు పైగా కట్టడాలు దెబ్బతిన్నాయి. వాగు పక్కనైతే వరద బీమా విడిగా తీసుకోవాలి, మామూలు పాలసీలో అది ఉండదు.

మే గడువు చూసి కంగారు పడకండి. ఇంకో ఏడాదికి లీజు పొడిగించమని యజమానికి ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. నెలకు 200 డాలర్లు ఎక్కువ అడిగినా ఒప్పుకోండి. ఏడాదికి 2,400 డాలర్లు అవుతుంది, అది క్యాబిన్ మీద మీరు కట్టబోయే ఒక్క నెల వాయిదా కంటే తక్కువే.