ప్యాడ్లు మార్చాక బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, ఎందుకు?

కంగారు పడకండి, కానీ బండిని ఇప్పుడే రోడ్డెక్కించకండి. కొత్త డిస్కు ప్యాడ్లు మందంగా ఉంటాయి కాబట్టి, వాటిని పట్టించడానికి మీరు క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే బిగింపు భాగం) లోని పిస్టన్లను, అంటే ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే గుండ్రటి ముక్కలను, లోపలికి నెట్టి ఉంటారు. అవి మళ్లీ డిస్కు దగ్గరికి రావాలి. బండి నిలిపే ఉంచి లివర్‌ను పది పదిహేనుసార్లు నొక్కండి. చాలాసార్లు ఇక్కడే తీరిపోతుంది.

అప్పటికీ స్పాంజిని పిండినట్టే ఉంటే, లోపల గాలి చేరిందన్నమాట. బ్రేకు ఆయిల్ నొక్కితే కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. మీ వేళ్ల బలమంతా ఆ బుడగలే తినేస్తాయి. క్యాలిపర్ మీది బ్లీడర్ నిపుల్‌కు (గాలిని బయటికి వదిలే చిన్న మర) సన్నని పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొసను కాస్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లివర్ నొక్కి పట్టి నిపుల్‌ను పావు చుట్టు వదులు చేస్తే బుడగలు బుడబుడా వస్తాయి. నిపుల్ బిగించాకే లివర్ వదలాలి; వరుస తప్పితే బయటి గాలిని మీరే లోపలికి లాగినట్టు. బుడగలు ఆగేదాకా ఇదే పని. లివర్ దగ్గరి బ్రేకు ఆయిల్ డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి. మూతపై డాట్ 4 (బ్రేకు ఆయిల్ రకం) అని ఉంటే అదే పోయండి; డాట్ 5 సిలికాన్ రకం, కలపకూడదు. పెట్రోలు ట్యాంకు మీద చుక్క పడితే రంగు లేచిపోతుంది, తడిగుడ్డ దగ్గర ఉంచుకోండి.

లివర్ గట్టిగా ఉన్నా బండి ఆగకపోతే, ప్యాడ్లకు మీ చేతి గ్రీజు అంటిందేమో చూడండి.