సమ్మర్ రీడింగ్ నిజంగా చదవాల్సిందేనా? ఇండియా ట్రిప్‌లో ఎలా కుదురుతుంది?

మీ బాబు సెప్టెంబరులో ఏడో గ్రేడ్‌కి వెళ్తున్నాడు, స్కూల్ వాళ్లు సెలవుల్లో రెండు పుస్తకాలు చదవమన్నారు, జులై అంతా ఇండియాలో ఉంటారు, ఇది తప్పనిసరా అని అడిగారు కదండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరు పిల్లలతో ఏడు వేసవులు ఈ పని చేయించాను కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను.

ముందు స్కూల్ పంపిన లెటర్ చివరిదాకా చదవండి. మనం పుస్తకాల పేర్లు చూసి ఆపేస్తాం. స్కూల్ తెరిచాక ఏం అడుగుతారనేది కింద రాసి ఉంటుంది, అసలు చూడాల్సింది అది. అన్నిచోట్లా ఒకే పద్ధతి లేదు. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఇష్టమైతే చదవమంటారు, మార్కులుండవు. కొన్నిచోట్ల మొదటి వారంలోనే క్విజ్ పెడతారు, లేదా క్లాసులో కూర్చోబెట్టి వ్యాసం రాయిస్తారు. అది మొదటి మార్కింగ్ పీరియడ్ (రిపోర్ట్ కార్డు ఇచ్చే మొదటి విడత) గ్రేడులో కలుస్తుంది. హైస్కూల్లో ఆనర్స్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే పై స్థాయి ఇంగ్లిష్ క్లాసులు తీసుకున్నవాళ్లకి పని ఇంకా గట్టిగా ఉంటుంది. మా అమ్మాయికి పదకొండో గ్రేడ్ ముందు నోట్‌బుక్ పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు పుస్తకంలోని వాక్యం, కుడివైపు దాని మీద తన ఆలోచన రాయమన్నారు. పుస్తకం పూర్తయ్యాక వెనక్కి తిరిగి ఇది రాయడం చాలా కష్టం. చదువుతూనే రాసుకోవాలి.

ఇక మావాడి సంగతి. మీలాగే ఏడో గ్రేడ్ ముందు వేసవిలో ఇండియా వెళ్లాం. పుస్తకం సూట్‌కేసులో పెట్టాను, "రోజూ కాస్త చదువు నాన్నా" అన్నాను, అంతే. పెళ్లి, తిరుపతి, చుట్టాల ఇళ్లు. ఆగస్టు చివర్లో పుస్తకం బయటికి తీస్తే, గుర్తుగా పెట్టుకున్న బోర్డింగ్ పాస్ ఇంకా పదకొండో పేజీలోనే ఉంది. వాడు నెట్‌లో సారాంశం చదువుకుని వెళ్లాడు. క్లాసులో కథ ఏమిటని ఎవరూ అడగలేదు. ఆ పాత్ర అలా అబద్ధం చెప్పడం నీకు సబబుగా అనిపించిందా, పుస్తకంలోంచి రెండు ఆధారాలు చూపించు అన్నారట. సగం కాగితం ఖాళీగా ఇచ్చేసి వచ్చాడు. ఆ సాయంత్రం బ్యాగు భుజానికి ఉండగానే మంచం మీద వాలిపోయాడు. కొత్త టీచర్ ముందు మొదటి వారంలోనే అలా అయిందని వాడు పడిన బాధ నాకిప్పటికీ కళ్లముందే ఉంది. వాడిని ఒక్కడినీ పుస్తకంతో వదిలేసింది నేనే.

మరుసటి ఏడు మళ్లీ తెనాలి వెళ్లాం. 240 పేజీల నవల. రోజుకి 20 పేజీలు, పన్నెండు రోజులు అని లెక్క వేసుకున్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ వసారాలో పడక్కుర్చీలో కూర్చుంటుంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు. ఆ రోజు చదివిన భాగం అమ్మమ్మకి తెలుగులో చెప్పాలి, ఇదొక్కటే షరతు పెట్టాను. మొదటి రెండు రోజులు నసిగాడు. మూడో రోజు అమ్మ అడిగింది, "ఆ పిల్ల వాళ్ల నాన్నకి ఎందుకు చెప్పలేదురా?" "ఏమో అమ్మమ్మా, చెప్పలేదు." "ఊరికే ఎందుకు మానేస్తుంది? మళ్లీ చూడు." వాడు లోపలికెళ్లి పేజీలు తిరగేసి తెచ్చాడు. 'గిల్ట్' అన్న మాటకి తెలుగు రాక ఏదేదో చెప్తుంటే అమ్మే అందించింది, "తప్పు చేశానని లోపల తొలుస్తుంటుంది, అదేనా?" అదేనని ఎగిరి గంతేశాడు. లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదు కాబట్టి ఆ పేజీకి పసుపు స్టికీ నోట్ అంటించి, అమ్మమ్మ అడిగిన ప్రశ్న దాని మీద రాసుకున్నాడు. సెప్టెంబరులో టీచర్ అడిగింది ఇంచుమించు అలాంటి ప్రశ్నే. మీ ఇంట్లోనూ వినే పెద్దవాళ్లుంటే తప్పకుండా చేసి చూడండి. నేను ఇంతకంటే మంచి పద్ధతి చూడలేదు.

ఇదంతా అవసరమా అంటే, వేసవిలో పిల్లలు నేర్చుకున్నది మర్చిపోతారన్న ఆలోచన మీద స్కూళ్లు ఇది నడుపుతున్నాయి. 1996లో హారిస్ కూపర్ అనే అమెరికన్ పరిశోధకుడి బృందం 39 అధ్యయనాలను పరిశీలించి, సెలవుల్లో సగటున నెల రోజుల చదువంత వెనకబడతారని, ఆ నష్టం లెక్కల్లో ఎక్కువని చెప్పింది. ఆ అంకెలు గట్టిగా నిలవవని తర్వాత కొందరు పరిశోధకులు అన్నారు కూడా. నాకు మాత్రం రెండున్నర నెలలు ఫోన్ తప్ప ఏదీ పట్టుకోని పిల్లవాడు సెప్టెంబరులో పది పేజీలకే అలిసిపోవడం కనిపించింది.

ఆడియో బుక్ వినొచ్చా అని మావాడి టీచర్‌ని మెయిల్‌లో అడిగితే, పుస్తకం ఎదురుగా పెట్టుకుని వింటే మంచిదే అన్నారు. మీరూ ఒకసారి అడగండి. లైబ్రరీ వాళ్ల సమ్మర్ రీడింగ్ ప్రోగ్రాం వేరు, అక్కడ ఏం చదివినా లెక్కకొస్తుంది, బహుమతులిస్తారు. స్కూల్ పని దానితో తీరదు. ఈ రెండూ కలిపేసుకుని ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తెలుసు.

పుస్తకం కొనక్కర్లేదు. లైబ్రరీ కార్డు ఉంటే, లైబ్రరీ ఈ-బుక్స్ ఇచ్చే లిబ్బీ యాప్‌లో ఉచితంగా దొరుకుతుంది. విమానం ఎక్కేముందు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. మా లైబ్రరీలో 21 రోజులిస్తారు, మీ ప్రయాణం తేదీలకి సరిపోయేలా తీసుకోండి. ఆగస్టులో ఊళ్లో పిల్లలందరూ అదే పుస్తకం కోసం వరసలో ఉంటారు, మాకోసారి ఆరు వారాల వెయిటింగ్ చూపించింది. రెండో పుస్తకానికి కూడా హోల్డ్, అంటే వరసలో మీ పేరు, ఈ వారమే పెట్టేయండి.