ప్రచురణకర్తకు పంపేముందు ఎడిటర్‌కి డబ్బు పెట్టాలా?

మొదటి నవల పూర్తయింది, ప్రచురణ సంస్థలకు పంపేముందు సొంత డబ్బుతో ఫ్రీలాన్స్ ఎడిటర్‌కి ఇచ్చి దిద్దించుకోవాలా అని కదా మీ ప్రశ్న. ఒక కథల సంపుటి, ఒక నవల వేయించిన అనుభవంతో చెబుతున్నాను. కేవలం పంపడానికైతే అక్కర్లేదు. పుస్తకం మీ ఖర్చుతోనే వేసుకునేట్టయితే మాత్రం తప్పకుండా పెట్టండి, కవర్ బొమ్మ ఖర్చు తగ్గించుకునైనా సరే.

ఇంగ్లీషు పుస్తకాలు వేసే పెద్ద సంస్థలకు సొంత ఎడిటర్లుంటారు. రాతప్రతి నచ్చి తీసుకున్నాక వాళ్లే కూర్చుని దిద్దుతారు, ఆ ఖర్చు రచయిత మీద పడదు. మన దగ్గర అలా ఎడిటర్‌ని పెట్టుకున్న సంస్థలు తక్కువ. చాలా పుస్తకాలు రచయితే డబ్బు పెట్టి 500 కాపీలో 1000 కాపీలో వేసుకునేవి. అవి కూడా డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో అందాలని ఉరుకులు పరుగుల మీద వస్తాయి. ఆ హడావిడిలో రచయిత, డీటీపీ ఆపరేటర్ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టే మనిషి) తప్ప మూడో మనిషి పుస్తకాన్ని పూర్తిగా చదవడు.

ఇంకో చిక్కుంది. ఎడిటింగ్ అంటే ప్రూఫ్ రీడింగే, అంటే అచ్చుతప్పులు దిద్దడమే అనుకునేవాళ్లు మనలో ఎక్కువ, ఆ పని చేసేవాళ్లతో సహా. నా కథలు చూసినాయన మంచి భాష తెలిసిన మనిషి. మాది కరీంనగర్ దిక్కు, నా కథల్లో తల్లి "మీ నాయిన అచ్చిండా?" అనే అడుగుతుంది. ఆయన దాన్ని కొన్నిచోట్ల "వచ్చిండా" అనీ, కొన్నిచోట్ల "వచ్చాడా" అనీ మార్చారు. ఒకే పేజీలో ఆ తల్లి మూడు ఊళ్ల మనిషైపోయింది. అవన్నీ వెనక్కి తెచ్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. కామాలు మాత్రం చక్కగా పెట్టారు, ఆ మాట చెప్పాలి.

నవల చూసినావిడ దారే వేరు. అక్షరదోషాల జోలికే పోలేదు. మొదటి అధ్యాయాల పక్కన ఇలా రాశారు: "చెరువు వర్ణన బాగుంది, కానీ నాలుగో పేజీ దాకా ఎవరూ నోరు విప్పలేదు." "మేనత్త ఇక్కడ రాజవ్వ, ముందు లచ్చవ్వ." "దుబాయ్ నుంచి తెచ్చిన డబ్బు ఏమైంది?" "ఈ పెళ్లిచూపులు తీసేస్తే కథకేం లోటు?" చివరిదానికి ఒళ్లు మండింది, అది నాకు ప్రాణంలాంటి సీను మరి. తీసేసి చదివితే లోటేమీ తెలియలేదు. అలా మొత్తం మీద పోయిన పేజీలు ముప్పైకి పైనే. నవలలు ఎక్కువగా వేసే డెమీ సైజులో ఫారానికి, అంటే అచ్చేసి మడతపెట్టే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు కాబట్టి దాదాపు రెండు ఫారాల కాగితం, ప్రింటింగ్ మిగిలాయి. ఆవిడ ఫీజులో కొంత అక్కడే రాలింది.

మీరు ప్రచురణకర్తకో నవలల పోటీకో పంపుతున్నారు కాబట్టి, ముందు ఊరికే దొరికే పాఠకుల్ని వాడుకోండి. సాహిత్యం వాట్సాప్ గ్రూపులో పెడితే "అద్భుతం సార్" అనే మెసేజీలూ దండం బొమ్మలూ తప్ప ఏమీ రావు. రచయితలు కాని, నవలలు చదివే అలవాటున్న ఇద్దరికి ప్రింటు తీసి ఇవ్వండి. ఎలా ఉందని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. చదువుతూ ఎక్కడ ఆపి ఫోన్ చూస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఇద్దరి గీతలూ ఒకేచోట పడ్డాయంటే అక్కడ మీకు పనుంది.

అప్పటికీ ఎడిటర్ కావాలనిపిస్తే ఒక్క అధ్యాయం ఇచ్చి, దానికి విడిగా డబ్బిచ్చి చూడండి. వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ (చేసిన ప్రతి మార్పూ విడిగా కనబడే ఏర్పాటు) పెట్టి దిద్దమనండి, లేకపోతే ఏది మీ వాక్యమో ఏది వాళ్లదో పట్టుకోలేరు. యాస ముట్టుకోకూడదనీ, ఎన్ని విడతలు చూస్తారనీ మెయిల్లో రాయించుకోండి. "నేనే తిరగరాసిస్తా" అనేవాళ్లకూ, "ఫలానా పబ్లిషర్ నా మాట కాదనడు" అనేవాళ్లకూ ఓ నమస్కారం పెట్టి వచ్చేయండి.

ప్రూఫ్ రీడింగ్ డబ్బు మాత్రం ఇప్పుడే ఖర్చు చేయకండి. యూనికోడ్‌లో (ఫోన్లోనూ నెట్లోనూ కనబడే మామూలు తెలుగు అక్షరాల్లో) టైపు చేసిన ఫైలుని డీటీపీలో, అచ్చుపనికి వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, ముందే దిద్దించినా మళ్లీ దిద్దించాల్సిందే. పేజీలు కట్టాక, ప్రింటు తీసిన కాగితాల మీద చూపించండి. అట్ట, అంకితం పేజీ కూడా ఆ కట్టలోనే పెట్టండి. లోపలంతా శుభ్రంగా ఉండి వెనక అట్ట మీద రచయిత ఇంటిపేరు తప్పు పడ్డ పుస్తకం ఒకటి నా బీరువాలోనే ఉంది, పాపం ఆయన పెన్నుతో దిద్ది మరీ సంతకం పెట్టిచ్చారు.